తాళం పడిన పెళ్లి ఫొటోలు

ఇన్నేళ్లుగా ఒక సంగతి నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్లకి, చిలకలూరిపేటలో ఖాజాగారి ఫొటో స్టూడియోలో పనిచేసేదాన్ని. పెళ్లి ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, రంగులు సరిదిద్ది, ఆల్బం పేజీలు కూర్చడం నా పని. మౌస్ పట్టుకోవడం కూడా రాని నాకు ఆ పని నేర్పింది ఆయనే. సొంత కూతుర్ని పిలిచినట్టే పిలిచేవారు.

ఆయన గట్టిగా చెప్పింది రెండే. ఫొటోలు ఎప్పటికప్పుడు సీడీల్లోకి ఎక్కించమని. గుంటూరు ల్యాబుకి పంపడానికి తప్ప ఇంటర్నెట్ జోలికి పోవద్దని. ఆ మాఘమాసం పెళ్లిళ్ల హడావుడిలో సీడీల పని రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను. రెండోది మాత్రం తెలిసే తప్పాను. హైదరాబాద్‌లో ఉద్యోగం కోసం ఆయనకు చెప్పకుండా దరఖాస్తులు పెడుతున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు మెయిల్ తెరిచాను. మీ దరఖాస్తు చూశాం, వివరాలు జతచేసిన ఫైల్లో ఉన్నాయి అని ఇంగ్లీషులో ఉంది. నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. ఆశ అలాంటిది.

మర్నాడు ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు. ఫైళ్ల పేర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రతి ఫోల్డర్లోనూ ఒక కొత్త చిన్న ఫైలు మాత్రం చేరింది. మీ ఫైళ్లకు తాళం వేశాం, కావాలంటే ఈ అడ్రసుకు మెయిల్ రాయండి, డబ్బు పంపితే తీసే దారి చెబుతాం అని అందులో ఉంది. ఎవరు వాళ్లు? ఏ దేశం వాళ్లు? పేటలో ఉన్న మా చిన్న కొట్టు వాళ్లకెలా కనబడింది? వైరస్ అంటే అన్నీ చెరిపేసేదని విన్నాను గానీ, అన్నీ కళ్లెదుటే ఉంచి చూడనివ్వకుండా బేరం పెట్టేది కూడా ఉంటుందని అప్పటిదాకా వినలేదు. పోలీసు స్టేషన్‌కి వెళ్లి ఏమని చెప్పాలి? ఫొటోలకు తాళం వేశారంటే ఎవరు నమ్ముతారు?

ఖాజాగారు వచ్చేలోపు ఆ చిన్న ఫైళ్లన్నీ తీసేశాను. ఉద్యోగం పోతుందని కాదు, నన్ను వదిలి వెళ్లిపోదామనుకున్నావా అని ఆయన అడుగుతారని భయం. అదేనా నిజం? ఏమో. ఇప్పుడు నా కళ్లకు నేను కాస్త మంచిదానిలా కనిపించాలని అలా అనుకుంటున్నానేమో.

ఆయన విజయవాడలో కంప్యూటర్లు బాగుచేసే ఒకతనికి ఫోన్ చేశారు. అతని మాట విని, రిసీవర్ని చేత్తో మూసి నా వైపు తిరిగారు.

"ఏమ్మా, ఇంగ్లీషులో ఏదన్నా మెసేజ్ వచ్చిందా అంటున్నాడు. డబ్బులు కట్టమనో, ఏదో..."

"ఏం రాలేదండి."

"గుర్తు తెచ్చుకో తల్లీ, కంగారేం లేదు. వస్తే దాన్నిబట్టి ఏదన్నా దారి దొరుకుద్దేమో అంటున్నాడు."

"రాలేదండి. నేనొచ్చేసరికే ఇట్టా ఉంది."

ఆయన నా మొహంలోకి చూడను కూడా లేదు. "మా అమ్మాయి రాలేదంటుందయ్యా. తను చెప్పిందంటే అంతే," అన్నారు ఫోన్‌లో.

అయితే డిస్కే చెడిపోయి ఉంటుంది, మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి అన్నాడట అతను. తుడిచింది నేనే.

ఆ తర్వాత పెళ్లిళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. అరిచారు, తిట్టారు. ఒకాయన కుర్చీ ఎత్తి నేలకేసి కొట్టాడు. నాగమణి అనే పిల్ల మాత్రం అరవలేదు. ఆమె పెళ్లయిన కొద్దిరోజులకే వాళ్లమ్మ మిరప కళ్లంలో కాయలు తిరగేస్తూ కుప్పకూలి చనిపోయిందట. ఆల్బం వద్దు, మా అమ్మది ఒక్కటి ఉంటే చాలు, ఇంట్లో ఆమె ఫొటో అంటూ ఇంకేదీ లేదు అని నెమ్మదిగా అడిగింది. కెమెరా కార్డులో అప్పటికే వేరే పెళ్లిళ్లు ఎక్కాయి. ఖాజాగారు ఆమెకు చేతులు జోడించారు. సీడీలు చేయించకపోవడం నాదే తప్పమ్మా అన్నారు. నేను వాళ్లకు వీపు పెట్టి, ఖాళీ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. తిరిగి చూడలేకపోయాను. అప్పుడైనా నోరు తెరవచ్చుగా? తెరిస్తే ఫొటో వస్తుందా? రాదు కదా అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ఎంత సులువైన జవాబు!

మరుసటేడు పెళ్లిళ్లవాళ్లెవరూ మా మెట్లెక్కలేదు. ఖాజాగారు స్టూడియో మూసేసి, ఒంగోలులో ఇంకొకరి కింద పనికి కుదిరారు. వెళ్తూ వెళ్తూ, పేటలోనే వేరే స్టూడియోలో నాకు పని మాట్లాడిపెట్టారు. హైదరాబాద్ ఉద్యోగం రాలేదు. అసలు ఆ ఉద్యోగమే లేదు.

చాలా ఏళ్లకు పేపర్లో ఇలాంటి తాళాల గురించి చదివాను. పాతవాటిలో కొన్నింటిని, తెలిసినవాళ్లు డబ్బు కట్టకుండానే విప్పారట. మాది అలాంటిదేనా? ఆ మెసేజ్ చూపించి ఉంటే? ఇక తెలిసే దారి లేదు. తెలుసుకునే వీల్లేకుండా చేసింది నేనే.

ఖాజాగారు పోయారని ఈమధ్యే తెలిసింది. చెప్పవలసిన మనిషి లేకుండా పోయాక చెబుతున్నాను. దీన్ని ఒప్పుకోవడం అంటారో, పిరికితనం అంటారో మీరే అనుకోండి. ఇంతవరకూ రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. అది మాత్రం నిజం.

నాగమణి వాళ్లమ్మ ఫొటోలకు రంగులు దిద్దింది నేనే. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, నవ్వొస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముక్కు పక్కన నీడ పడితే తీసేశాను. ఆ మొహం నాకింకా గుర్తుంది. నాకు గుర్తుండి ఏం లాభం?