వారమంత ఒక్కపొద్దు

నేను భివండికి వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేండ్లు. మాది జగిత్యాల దిక్కు. ఊర్లె గుంట భూమి లేదు, కైకిలి తప్ప ఇంకో పని లేదు. బట్ట నేసే సాంచాల మీద పని నేర్చుకున్న కాడికెల్లి పగటి అన్నం బయటనే తిన్న. పెండ్లి కాకముందు మెస్సుల, పెండ్లయినంక కార్ఖానా పక్కన హోటల్ల. ఇంట్ల వండేటామె ఉండంగ హోటల్ల తినుడేందని నన్నెవలు అడగలె, నేను సుత అనుకోలె.

శాంతి నగర్‌ల మా కార్ఖానా. పన్నెండు గంటల డ్యూటీ, ఆరు సాంచాలు నా చేతికింద నడుస్తయి. ఒంటిగంటకు పక్క సాంచాల మీదున్న యూపీ భయ్యాకు జర చూస్కోమని సైగ చేసి హోటల్‌కు ఉరికేటోన్ని. ఆ సప్పుడుల నోటి మాట వినవడది. అన్నం, పప్పు, ఒక కూర, మీదికెల్లి చాయ్. రోజుకు తొంభై రూపాయలు.

మా ఇంటామె అంజూర్ ఫాటా కాడ ఒక గోడౌన్ల పని చేస్తది. ఆన్‌లైన్ల కొన్న సామాన్లను పెట్టెలల్ల పెట్టి టేపు వేసే పని. మేముండే కామత్‌ఘర్ నుంచి షేర్ ఆటోల పోతది. నేను ఏడింటికి సాంచాల మీద ఉండాలె కాబట్టి ఆమెకన్న ముందే ఇల్లు దాటుత. నాకు శుక్రారం సుట్టి, ఆమెకు ఐతారం. ఇద్దరం కలిసి ఇంట్ల ఉండే పగలు మాకు లేదు.

మా బిడ్డ ఎనిమిదో తరగతికి వచ్చినంక ఇంటి సంగతి ముంగటికొచ్చింది. ఉన్నది ఒక్క ఖోలి, ఒకటే అర్ర. బాత్రూం లేదు. మూలకు నీళ్లు పోయే మోరి, దానికి అడ్డం ఒక పాత చీర. బిడ్డ తానం చెయ్యాలంటె నేను బయటికొచ్చి గల్లీల నిలవడాలె.

"పిల్ల పెద్దగైతున్నది. లోపల బాత్రూం ఉన్న ఖోలి చూడాలె" అన్నది మా ఇంటామె.

"డిపాజిట్ ఏడికెల్లి తెస్తం?"

"నీ హోటల్ల కెల్లి."

నాకు కోపమొచ్చింది. "దినమంత నిలవడి పనిచేసేటోడు కడుపునిండ తినొద్దా?"

"తినొద్దన్ననా? ఇంట్లది తీస్కపో అంటున్న. నేను తీస్కపోతలేనా?"

నిజమే. రాత్రి వండిన దాంట్ల మిగిలింది పొద్దుగాల డబ్బాల వెట్టుకొని పోతది ఆమె. ఇగ నాకు కూడ డబ్బా కడ్తనన్నది. సరే అన్న. మిగిలే అన్నం ఎంత, తినే కడుపులు ఎన్ని అని నేను అడగలె. వండే మనిషి ఆమె, లెక్క ఆమెకే తెలుస్తది గదా అనుకున్న.

మొదటి వారం కష్టమైంది. కార్ఖానా లోపల డబ్బా తెరిస్తె దూది నుసి వచ్చి అన్నం మీద మంచు లెక్క వాల్తది. మెట్ల కింద గోడకు మొకం పెట్టి, మూత అడ్డం పెట్టుకొని తినుడు నేర్చుకున్న. సల్లటి అన్నం, రాత్రి పప్పు, మామిడికాయ తొక్కు. వారం దాటినంక హోటల్ కూర యాదికి రాలె. నెల తిరిగేసరికి నేనే పెద్దమనిషినైన. మా కార్ఖానాల ఇద్దరు తెలుగు పిలగాండ్లకు బుద్ధి చెప్పుడు మొదలువెట్టిన.

"మా ఇంటామె పొద్దుగాల ఇద్దరికి డబ్బాలు కడ్తది. పైసకు పైస మిగులుతది, పానం మంచిగుంటది. మీరెందుకు తెచ్చుకోరు?"

నాలుగు దినాలకు వాళ్లు కూడ తెచ్చుకోబట్టిండ్రు. అది నా గొప్పే అనుకున్న.

నాలుగు నెల్లు గట్ల గడిచినయి. మా ఇంటామె సన్నవడ్డది. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కోకముందే గిన్నె ముందరేసుకొని కూసునేది. ఒకసారి నేను నవ్వుకుంట అన్న: "గోడౌన్ల టేపు వేస్తున్నవా, బండలు మోస్తున్నవా?" ఆమె ఇంకింత అన్నం పెట్టుకున్నది. తల నొస్తున్నదంటె ఎండకనుకున్న.

ఒక శుక్రారం బజార్ల చాపలు అగ్గువకు దొరికినయి. నాకు వచ్చిన వంట చాపల పులుసు ఒక్కటే. పెండ్లిగాక ముందు ఖోలిల పదిమందిమి ఉన్నప్పుడు నేర్చుకున్నది. చింతపండు పిండి, పులుసు కాగవెడ్తుంటె బడి కెల్లి బిడ్డ వచ్చింది. గూట్ల గిన్నెల ఎనుక బోర్లిచ్చి ఉన్న డబ్బాను చూసి, "బాపూ, అమ్మ డబ్బా ఇక్కడ్నే ఉన్నది! భూల్ గయీ క్యా?" అన్నది. తొందర్ల మర్చిపోయింది గావచ్చు అనుకున్న. డబ్బా చేతిలకు తీస్కుంటె మీదంత దుమ్ము. కడిగి, అన్నం, పులుసు, రెండు తునకలు పెట్టుకొని ఆటో ఎక్కిన. ఆ దుమ్మెందుకున్నదని అప్పుడు తోచలె.

నేను పోయేసరికి తినే యాల్లయింది. గేటు పక్కన గోడ నీడకు ఆడోళ్లు వరుసగ కూసోని డబ్బాలు తెరుస్తున్నరు. మా ఇంటామె వాళ్లల్ల లేదు. ఒక మరాఠీ పెద్దామె నన్ను చూసి, ఎవలు కావాలని హిందీల అడిగింది. చెప్పిన.

"డబ్బా తెచ్చినవా? ఇయ్యాల ఆమెకు ఉపాసం గదా!"

"ఉపాసమా?"

ఆమె వేళ్లు మడిచింది. "సోమారం శంకరుడు. మంగళారం గణపతి. బేస్తారం సాయిబాబా. శుక్రారం లక్ష్మి. శనారం మారుతి. బుధారం ఎవలమ్మా అంటె కడుపు నొస్తున్నదన్నది. మీ తెలుగోళ్లకు ఎంతమంది దేవుళ్లు దాదా?"

ఆడోళ్లందరు నవ్విండ్రు. నేను కూడ నవ్విన. నవ్వుతుంటెనే సమజైంది. మా ఇంట్ల ఒక్కపొద్దు అంటె శనారం ఒక్కటే. శుక్రారం నా సుట్టి, మేం నీసు తినేదే ఆనాడు. రాత్రి మిగిలిన అన్నం, ఆమె డబ్బాల పోవాల్సింది, నాలుగు నెల్ల సంది నా డబ్బాల పోతున్నది. నేను మెట్ల కింద కూసోని తిన్నది అదే.

మా ఇంటామె నీళ్ల డ్రమ్ము దిక్కుకెల్లి వచ్చింది. కొంగుతోని మూతి తుడ్సుకుంటున్నది. నన్ను చూసి ఆగింది.

"ఎవలు రమ్మన్నరు నిన్ను ఈడికి?"

"డబ్బా మర్చిపోయినవని తెచ్చిన."

మరాఠీ పెద్దామె అప్పటికే డబ్బా తీస్కొని మూత లేపింది. పులుసు వాసన కొట్టింది. "లక్ష్మి ఉపాసానికి చాపలా!" అని మల్ల నవ్వబోయి, మా ఇంటామె మొకం చూసి ఊకున్నది. పక్కకు జరిగి జాగ ఇచ్చింది. తన జొన్న రొట్టెల సగం తుంచి మూతల పెట్టింది.

మా ఇంటామె గోడ దిక్కు తిరిగి తిన్నది. ముండ్లు తీసుడు కూడ తొందర తొందరగ. నేను కొంచెం దూరంగ నిలవడి లారీలను చూసిన. చూడాల్సిన పనేం లేదు, కని ఆమె దిక్కు చూడ చాతకాలె.

సాయంత్రం బిడ్డ ట్యూషన్‌కు పోయినంక అడిగిన. "ఎన్నాళ్ల సంది?"

"నువ్వు డబ్బా తీస్కపోవుడు మొదలువెట్టిన సంది."

"ఇంకో గిలాసెడు బియ్యం ఎక్కువ వోస్తె అయిపోవు గదా!"

"బియ్యం ఒక్కటేనా? కూర వద్దా, నూనె వద్దా, గ్యాసు వద్దా? అన్నీ ఎక్కువ వోస్తె మిగిలేదేంది?"

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తె నువ్వు మల్ల హోటల్‌కు పోతవు."

పోను అని చెప్పబోయిన. నాలుగు నెల్ల కింద చెప్పి ఉంటె పోయేటోన్నే. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఆమె చీపురు తీస్కొని ఊడ్చుకుంట, "ఒక్కపూట తినకపోతె ఎవలు సావరు" అన్నది. నేను గట్టిగ ఏమో అన్న. ఏం అన్ననో యాదికి లేదు. ఆమె చీపురు ఆపలె.

తెల్లారి శనారం. అది నిజమైన ఒక్కపొద్దు. గోడౌన్ల గోడ కాడ ఆమె ఆ సంగతి చెప్తె ఎవలు నమ్మలె. "మారుతికి నేను చెప్పుకుంట, నువ్వు తిను" అని మరాఠీ పెద్దామె బలిమికి చేతిల రొట్టె పెట్టిందట. ఇంటికొచ్చి మా ఇంటామె చెప్తుంటె నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం దేవుని పటం ముంగట చాన సేపు నిలవడ్డది. చిన్నప్పటి సంది చెడని ఒక్కపొద్దు అది.

సోమారం కెల్లి నేను అయిదింటికి లేవబట్టిన. మొదట ఆమె ఒప్పుకోలె. "సాంచాల మీద తూగితె చెయ్యి పోతది, పండుకో" అన్నది. నేను వినలె. ఉల్లిగడ్డ, బెండకాయ కోసుడు, బియ్యం కడుగుడు నా పని. ఇద్దరికి డబ్బాలు, బిడ్డకు చిన్న డబ్బా. మొదటి దినాలల్ల ఆమె డబ్బాల సగం అట్లనే వాపసు వచ్చేది. కడుపు అలవాటు తప్పింది. పదిహేను రోజులకు ఖాళీ డబ్బా రావట్టింది.

మిగిలే పైసలు తగ్గినయి. వానలకు ముందే దొరుకుతదనుకున్న ఖోలి దీపావళి దాటినంక దొరికింది. అది గూడ పెద్దదేం కాదు. బాత్రూంకు తలుపున్నది, తలుపుకు గొండెం ఉన్నది.

కార్ఖానాల ఆ ఇద్దరు పిలగాండ్లను పిలిచి, మీ ఇండ్లల్ల ఆడోళ్లు పగటికి తింటున్నరా జర అడుగుండ్రి అని చెప్పిన. ఎందుకో చెప్పలె, సిగ్గయింది. ఒకడు నవ్వి ఊకున్నడు. ఇంకొకడు తెల్లారి వచ్చి, "అన్నా, మా ఆమె నాకన్న ఎక్కువ తింటదట, కోపానికొచ్చింది" అన్నడు. మంచిదే అన్న.

ఇప్పుడు పొద్దుగాల మా ఇంట్ల పొయ్యి కాడ ఇద్దరం ఒకలకొకలు తగులుకుంట తిరుగుతం. కూర కోసేది నేను, పోపు పెట్టేది నేను. ఉప్పు మాత్రం నన్ను వెయ్యనియ్యది. నా చేతికి ఉప్పు అందాజ తెల్వదట.