నా కూతురి తరగతిలో నేను

నా కూతురికి ఆరేళ్లు నిండిన ఎండాకాలంలో మా అత్త దానికి అరబ్బీ అక్షరాల పుస్తకం కొనిచ్చింది. ఖాయిదా అంటారు దాన్ని. పలచటి అట్ట, లోపల పెద్ద పెద్ద అక్షరాలు. అది ఆ పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, రొట్టెలు చేస్తున్న నా ముందు కూలబడి ఒక అక్షరం మీద వేలు పెట్టింది.

"అమ్మీ, గిదేంది?"

"దాదీని అడుగు," అన్నాను.

"నువ్వే చెప్పు."

"నాకు రాదు బిడ్డా."

అది తలెత్తి నా వైపు చూసింది. అప్పటిదాకా నాకు రానిది ఏదైనా ఉంటుందని దానికి తెలియదు. తెలుగు అక్షరాలు దిద్దించింది నేను, ఎక్కాలు చెప్పింది నేను. "రోజు నమాజ్ చదువుతవు గద?" అంది.

చదువుతాను. చిన్నప్పుడు విని పట్టుకున్న ముక్కలు, పెదాలకు అలవాటైపోయినవి. వాటిలో ఒక మాట ఎక్కడ ఆగుతుందో, ఇంకో మాట ఎక్కడ మొదలవుతుందో కూడా నాకు తెలియదు. ఈ సంగతి ఆరేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో తోచక పెనం మీద రొట్టె తిప్పాను. అది లేచి వాళ్ల దాదీ, మా అత్త దగ్గరికి వెళ్లిపోయింది.

నేను పుట్టింది దేవరకొండ అవతల ఒక మెట్ట ఊళ్లో. ఊరు మొత్తానికి సాయిబుల ఇల్లు మాదొక్కటే. మా బాపు మేకలు పెంచేవాడు, అంగళ్లలో కొని అమ్మేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఊళ్లో మసీదు లేదు. పీర్ల పండుగ వస్తే మాత్రం కోమట్లు, గొల్లలు, మాదిగలు అందరూ మా బాపు వెంట నడిచేవాళ్లు. ఆ పదిరోజులూ ఆయన చెప్పులు వేసుకునేవాడు కాదు. నాకు తెలిసిన భక్తి అదే, దాన్ని నేనెప్పుడూ తక్కువ అనుకోలేదు. కాని చదువుకోవడానికి అందులో పుస్తకం ఏదీ లేదు. సర్కారు బడిలో పదో తరగతి, దేవరకొండలో ఇంటర్, అంతా తెలుగులోనే. పెళ్లై హాలియా వచ్చాక చూస్తే అత్తగారింట్లో ఉర్దూ, పొద్దున లేస్తూనే గూట్లోంచి గ్రంథం తీసి చదివే అత్త. నా భర్తది మోటార్ల వైండింగ్ దుకాణం. ఆయన చిన్నప్పుడు అరబ్బీ చదువుకుని మరిచిపోయినవాడు.

నా కూతురిని సాయంత్రాలు పంపడానికి మాట్లాడిన ఆపా ఇల్లు మాకు రెండు వీధుల అవతల. మసీదులో నమాజ్ చదివించే ఆయన భార్య ఆమె, వయసులో నాకంటే చిన్నదే. ముందు గదిలో చాప పరిచి ఆడపిల్లలకు అరబ్బీ చెప్పేది. ఆపా అంటే అక్క, చదువు చెప్పే ఆమెను అలాగే పిలుస్తారు. మొదటి రోజు పిల్లను దింపి, గుమ్మంలోనే నిలబడి అడిగాను.

"నేను గూడ నేర్చుకుంట. కూసోనిస్తరా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీరు ఒక్కరే రావొచ్చు గదా, పొద్దుగాల."

"పొద్దుగాల ఇంటి పని తెమలది. గీ యాళ్లకే వీలైతది. నా కొడుకుని గూడ వెంట తెచ్చుకుంట, నాలుగేండ్లు వానికి."

"పిల్లలు నవ్వుతరు మల్ల."

"నవ్వనీయండి."

"అయితే ముందు వరసల కూసోవాలె. ఎనక కూసుంటే నీ సిగ్గు పోదు," అంది. అప్పుడే నన్ను నువ్వు అనడం మొదలుపెట్టింది. నాకది నచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మా అత్త ముఖం మాడ్చుకుంది. "గా పోరగాండ్ల నడుమ కూసుంటవా? మా ఇంట్ల కోడలికి చెప్పేటోళ్లు లేరనుకుంటరు నలుగురు. నేను చెప్త."

నిజంగానే చెప్పబోయింది. కాని ఆమె చూపు అప్పటికే మసకబారింది. చుక్క అక్షరం పైన ఉందో కింద ఉందో ఆనక పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, చివరికి విసుగొచ్చి మూసేసేది. నేను పుస్తకం తీసుకుని చాప మీదికే వెళ్లాను. నా భర్త మాత్రం ఒక్క మాటే అన్నాడు. "పోతనంటే పో. ఎవలన్న ఏమన్న అంటే నేనే పొమ్మన్ననని చెప్పు."

సగం అక్షరాలు చుక్కల మీదే నడుస్తాయని అక్కడ కూర్చున్నాక తెలిసింది. పడవలాంటి ఒకే గీత. కింద ఒక చుక్క పెడితే 'బే', పైన రెండు పెడితే 'తే', మూడు పెడితే 'సే'. చూసి గుర్తు పట్టడం తొందరగానే వచ్చింది. పలకడమే నా ప్రాణం మీదికి వచ్చింది. నా చెవికి మూడు రకాల 'స'లు ఒకేలా వినిపించేవి. 'ఐన్' అనే అక్షరం గొంతు లోపలినుంచి రావాలి. నాకు అది అచ్చం 'అ' లాగే వచ్చేది. ఆపా తన గొంతు మీద వేలు పెట్టి చూపించి, "ఈడికెల్లి" అనేది. నేను అంటే గది మొత్తం పకపకా నవ్వేది. అయినా మళ్లీ అనేదాన్ని. బట్టలు ఉతుకుతూ, బియ్యం చెరుగుతూ అదే అక్షరం. మా అత్త ఒకరోజు మంచినీళ్ల చెంబు తెచ్చి ఇచ్చింది, నాకు పొలమారిందనుకుని.

వారం పది రోజులు గడిచాక, ఒక సాయంత్రం బయల్దేరబోతుంటే నా కూతురు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నువ్వు రాకు అమ్మీ."

"ఎందుకు?"

"అందరు నవ్వుతున్రు. మీ అమ్మకు ఏం రాదు అంటున్రు."

నా మనసు చివుక్కుమంది. నన్ను చూసి నవ్వితే భరించాను గాని, దానికి తలవంపులవుతాయని ముందే అనుకోలేదు. మానేస్తే దానికి హాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మానేస్తే అది నేర్చుకునేది ఏమిటో ఆ వెంటే తట్టింది. నలుగురు నవ్వితే లేచి వచ్చెయ్యాలని నేర్చుకుంటుంది. మోకాళ్ల మీద కూర్చుని దాని భుజాలు పట్టుకున్నాను.

"వాళ్లు అనేది అబద్ధం గాదు. నాకు రాదు. రాదు గనకనే పోతున్న. నా పక్కన కూసోబుద్ధి గాకుంటే నువ్వు ఆ చివర కూసో, నేనేమనుకోను."

అది నిజంగానే ఆ చివర కూర్చుంది. చాలా రోజులు అట్లాగే సాగింది. ఇద్దరం ఒకే ఇంటినుంచి బయల్దేరి, దారంతా చేతులు పట్టుకుని నడిచి, ఆపా గుమ్మం రాగానే విడిపోయేవాళ్లం. నాకు బాధగానే ఉండేది. పైకి చూపలేదు.

కొడుకుది వేరే కథ. వాడు చాప మీద కుదురుగా కూర్చునే రకం కాదు. ఒకరోజు రొట్టెల పిండి వాడి చేతికిచ్చి, పాములా చేసి వంచమన్నాను. వంచాడు. కింద ఒక మినప గింజ అద్దాను. "ఇది ఏందిరా?" అంటే "బే" అన్నాడు. గింజ తీసి పైన రెండు పెట్టాను. "తే" అని గంతేశాడు. అప్పటినుంచి మా వంటింట్లో రోజూ పిండి అక్షరాలే. ఒక పీట మీద అరబ్బీవి, ఇంకో పీట మీద తెలుగువి. వాడు తెలుగు 'అ' కు కూడా ఎక్కడో ఒకచోట గింజ గుచ్చేవాడు.

మా అత్తకు ఇది మింగుడుపడలేదు. "అల్లా మాట రాసే అక్షరాలు. కింద పడేస్తరా, కుక్కలకేస్తరా?" అంది. మళ్లీ ఆమే, "కాల్చి తినుండ్రి, పారేయొద్దు," అని తీర్పు చెప్పింది. చెప్పి ఊరుకోకుండా వాడు చేసిన 'జీమ్' వంకర పోయిందని పీట దగ్గర కూర్చుని సరిచేసింది. పిండితో చేసిన అక్షరం ఆమె వేళ్లకు తగిలేది. పుస్తకంలో ఆనని చుక్క ఇక్కడ గింజై తెలిసేది. తర్వాత తర్వాత వాడికి పాఠం చెప్పేది ఆమే అయింది. నేను రొట్టెలు కాల్చేదాన్ని.

వానలు మొదలైన రోజుల్లో అనుకుంటా, ఆపా దగ్గర నేను రెండక్షరాలు కలిపి చదవడం దగ్గర తడబడ్డాను. ఏ వరసలో ఉన్నానో మరిచిపోయి, వేలు పేజీ మీద అటూ ఇటూ తిప్పుతున్నాను. పక్కనుంచి ఒక చిన్న వేలు వచ్చి సరైన చోట ఆగింది. నా కూతురు. ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. తన పుస్తకం నా పక్కన పెట్టుకుని కూర్చుంది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమంటే తిరిగి, "నీకు పోయిన నెల ఇదే రాలే, యాదికున్నదా?" అంది. నేను పేజీలోంచి తలెత్తలేదు. ఎత్తితే కళ్లనీళ్లు కనిపిస్తాయని.

ఆ తర్వాత అది నన్ను దాటిపోయింది. దాని నాలుక లేతది, ఎటు వంచితే అటు వంగేది. ఇంటికొచ్చాక నాకు పాఠం అప్పజెప్పించుకునేది. తప్పయితే ఆపాలాగే తన గొంతు మీద వేలు పెట్టి చూపించేది. నేను మళ్లీ అనేదాన్ని. 'ఐన్' నాకు ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. ఒకరోజు ఆపా ఏమీ అనకుండా తర్వాతి అక్షరానికి పోయింది, అంతే.

ఖాయిదా అయిపోయి, గ్రంథం పట్టి చదవడం మొదలుపెట్టిన ఏడాది బాపుకు పక్షవాతం వచ్చింది. దవాఖానలో కొన్ని రోజులుంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పిల్లలిద్దరినీ తీసుకుని ఊరికి వెళ్లాను. ఆయన కుడి చేయి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. మంచం పక్కన కూర్చుంటే నా చేతి సంచిలోకి చూశాడు.

"గా బుక్కు ఏంది బిడ్డా?"

"అరబ్బీ చదువుతున్న బాపు. నేను, నీ మనుమరాలు."

ఆయన ఎడమ చేయి చాపి పుస్తకాన్ని తడిమాడు. తర్వాత, "పానం బాగలేనోళ్ల కాడ ఒకటి సదువుతరంట గద. గది నీకొస్తదా?" అని అడిగాడు.

వస్తుందని చెప్పలేను. ఆ సూరా, అంటే ఆ అధ్యాయం, చాలా పెద్దది. నేను ఎన్నడూ ఒక్కదాన్నే చివరిదాకా చదవలేదు. రాదంటే ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు. "మెల్లగ సదువుత బాపు," అని తలమీద కొంగు కప్పుకుని మొదలుపెట్టాను. నా కూతురు పక్కన కూర్చుని వరస వెంట వేలు నడిపించింది. నేను ఆగినచోట మెల్లగా అందించింది. తప్పు పలికితే నా మోచేయి గిల్లింది. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. మధ్యాహ్నం మొదలుపెడితే ముగిసేసరికి నీడలు వాకిలి దాటాయి. మంద తోలుకొచ్చిన బాపు దోస్తులు ఇద్దరు, గొల్లవాళ్లు, గొంగళ్లు భుజాన వేసుకుని గడప దగ్గర గొంతుక్కూర్చుని విన్నారు. ఒకాయన చేతులు జోడించుకున్నాడు.

ముగించి పుస్తకం మూశాక బాపు కళ్లు తెరిచాడు. నిద్రపోయాడనుకున్నాను, నిద్రపోలేదు.

"మంచిగున్నది బిడ్డా. దానర్థమేంది?"

నాకు తెలియదు. నా కూతురికీ తెలియదు. అంత కష్టపడి చదివినది ఏం చెబుతోందో ఇద్దరికీ తెలియదు. బాపు అడిగిన ఆ మాట నన్ను వదల్లేదు. హాలియా వచ్చీ రాగానే ఆపాను అడిగితే, తనకూ ఉర్దూలో కొంత తెలుసు గాని తెలుగులో చెప్పడం రాదంది. నల్లగొండ పోయి తెలుగు అనువాదం తెచ్చుకున్నాను. దాని భాష గ్రాంథికం, బాపుకు అంతుపట్టదు. వరస వరసా చదివి, అర్థం చేసుకుని, మా ఊరి మాటల్లోకి మార్చుకుని, మా అత్తకు ముందు వినిపించేదాన్ని. "అట్ల గాదు, ఇట్ల" అని ఆమె ఉర్దూలో చదివినదానితో పోల్చి దిద్దేది. మా ఇద్దరికీ కలిసి చేసే పని అంటూ ఒకటి అప్పుడు దొరికింది.

శుక్రవారం శుక్రవారం బాపుకు ఫోన్ చేసి చెప్పడం మొదలుపెట్టాను. ఎండి పడి ఉన్న నేలకు ప్రాణం పోసి గింజలు మొలిపించే సంగతి వచ్చినప్పుడు ఆయన ఆపమన్నాడు.

"గిది మన నేల ముచ్చటే గద బిడ్డా."

"అవు బాపు."

"ఇన్నేండ్లు ఎవలు చెప్పలే."

బాపు ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లో నడుస్తున్నాడు. కుడి చేయి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. మాట చాలావరకు తేటపడింది. నా కూతురు నాలుగో తరగతిలో ఉంది, గ్రంథం ఒకసారి ముగించి మళ్లీ మొదటికొచ్చింది. కొడుకు ఇప్పుడు ఆపా చాప మీద కూర్చుంటున్నాడు గాని, సగం పాఠం కాగానే కిటికీలోంచి బయట ట్రాక్టర్లు చూస్తాడు. చూడనిచ్చి మళ్లీ పుస్తకంలోకి తెస్తాను. వాడికి అలాగే వస్తుంది, తొందరేమీ లేదు. నేను సగం దాటాను. ఆ మూడు 'స'ల్లో ఒకటైన 'సాద్' నాకింకా బాగా రావడం లేదని నా కూతురు అంటుంది.

మొన్న శుక్రవారం అది అరబ్బీ చదివితే నేను తెలుగు చెప్పాను. అవతల బాపు ఫోన్‌ను గడప మీద పెట్టి, గొంతు పెద్దగా వినిపించేలా చేసుకున్నాడు. వెనక మేకల అరుపులు, గిన్నెల చప్పుడు, ఎవరివో దగ్గులు. అయిపోయాక బాపుది కాని గొంతు ఒకటి వినిపించింది, గొల్లాయనది.

"నేనిప్పుడే అచ్చిన బిడ్డా, సగమే ఇన్న. ఇంకోపాలి చెప్పు. జర మెల్లగ."

నా కూతురు నా వైపు చూసింది. పేజీ వెనక్కి తిప్పమని చెప్పి, నేను కొంగు సర్దుకున్నాను. అది మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.