ఎత్తు మీద ఆగినవాణ్ని

మొన్న ఉదయం మా బావ ఫోన్ చేశాడు. షుగరు పెరిగిందట, రోజూ గంటసేపు నడవమని డాక్టరు గట్టిగా చెప్పాడట. "ఒక్కణ్నీ నడవలేకపోతన్నాను బావా, నువ్వు తోడు రా" అన్నాడు. తోడు! ఆ మాట ఆ నోట వినేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమయిందని మా ఆవిడ అడిగితే ఏమీ లేదన్నాను గానీ, ఉంది. ఇరవై ఏళ్లుగా ఉంది.

బావంటే మా మేనమామ కొడుకు. ఇద్దరిదీ సంతబొమ్మాళి అవతల ఒకే సముద్రపు ఊరు. నేను చదువుకుని టెక్కలిలో బడిపంతులునయ్యాను. వాడు కొన్నాళ్లు మందస వైపు కొండల కింద జీడితోటలకు కాపలా ఉండి, తర్వాత పలాసలో జీడిపప్పు బట్టీలో కుదిరాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ కొండల్లోనే హాఫ్ మారథాన్ పెడుతున్నారని తెలిసింది. ఇరవై ఒక్క కిలోమీటర్లు, అందులో సగం ఎత్తులే. సముద్రపు ఊళ్లవాళ్లలో మొదట వచ్చినవాణ్ని విశాఖలో జరిగే పెద్ద పరుగుకి పంపుతామన్నారు. పిల్లల చేత పరుగులు పెట్టించడమే గానీ నేనెన్నడూ ఏ పందెంలోనూ నిలబడినవాణ్ని కాదు. ముప్పై అయిదేళ్లు నిండాక, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ విశాఖ పరుగు నాకు కావాలనిపించింది. ఒక్కణ్నీ పరిగెత్తడానికి మొహమాటమై బావని కూడా లాగాను. నాలుగు నెలలు ప్రతి ఆదివారం తెల్లారగట్ల మా ఊరి ఇసుకలో పరిగెత్తాం. వలలు బాగుచేసుకుంటున్న ముసలాళ్లు తలెత్తి "ఎవుడు తరుముతున్నాడర్రా మిమ్మల్ని?" అని అడిగేవారు. మా అత్తయితే, అంటే వాడి తల్లి, మాకేదో గాలి సోకిందనే నమ్మింది.

పందెం ముందు రోజు వాడే అన్నాడు. "పెద్ద ఎత్తెక్కినాక ఆగు బావా. ఎవుడు ముందెక్కితే ఆడు ఆగాల. కలిసే దిగుదుం, ఒక్కపాలే రిబ్బను తాకుదుం. విశాకకి ఎవుణ్ని పంపాలో ఆళ్లే తేల్చుకుంతారు." నాకిందులో వింతేమీ తోచలేదు. మా ఊళ్లో పెద్దవల ఒడ్డుకి లాగేటప్పుడు రెండు తాళ్ల దగ్గర రెండు జట్లుంటాయి. ఒక జట్టు ముందు లాగేస్తే వల వంకరపోయి చేపలన్నీ పక్కనుంచి జారిపోతాయి. అందుకని ముందున్నవాళ్లు తాడు బిగపట్టి, రెండో జట్టు సమానమయ్యేదాకా కదలకుండా నిలబడతారు. బడికి పోయే ఈడు రాకముందే నాకు ఒంటబట్టిన పని అది. ఆగమంటే ఆగడమే.

ఇసుకలో గుర్రాల్లా ఉన్నామనుకున్నాం గానీ, కొండ మొదలయ్యాక పిక్కలు ఏడ్చాయి. క్యాన్వాసు బూట్లలో మడమలు చిట్లాయి. అయినా బావని వెనక మలుపులో వదిలి నేనే ముందు ఎక్కాను. మా తీరంవాళ్లెవరూ నాకు ముందు లేరు. పైన నిమ్మకాయ నీళ్లిస్తున్న చోట ఆగాను. ఒకడు దాటిపోయాడు, ముగ్గురు దాటిపోయారు, పదిమంది దాటిపోయారు. బావ రాలేదు. కాలు పట్టేసిందేమో, ఎక్కడ కూలబడ్డాడో అని నా ప్రాణం కొట్టుకుంది. చచ్చీ చెడీ ఎక్కిన ఎత్తుని మళ్లీ సగందాకా దిగి "బావా, బావా" అని కేకలేసుకుంటూ వెతికాను. లేడు. తిరిగి పైకొచ్చేసరికి అరగంట దాటింది. నీళ్లిచ్చే ఆవిడ, అక్కడి జీడితోటల్లో పనిచేసే మనిషి, నన్ను చూసి జాలిపడింది. "ఎవుల కోసం బాబూ? మునుపు తోట కాపలా ఉండీవోడు, ఆ పొడుగాటోడా? ఆడు పైకి రాకుండానే తోటలోంచి అడ్డదారిన ఎప్పుడో దిగిపోనాడు. నీకు సెప్పలేదేటి?"

నేను కిందికి చేరేసరికి రిబ్బను లేదు, షామియానా విప్పుతున్నారు. బావ మెడలో బంతిపూల దండ. తీరంవాళ్లలో మొదటివాడు వాడేనట. నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. అడ్డదారి సంగతి అక్కడే చెప్పేస్తే దండ ఊడేది. మేనమామ పక్కనే నిలబడి కొడుకుని చూసుకుని మురిసిపోతున్నాడు. "నీకోసం ఆగేను గదరా" అన్నాను, అంతే. వాడు దండ సర్దుకుంటూ, "పరుగు పందెంలో ఎవుడైనా ఆగుతాడేటి బావా?" అన్నాడు. విశాఖ వెళ్లొచ్చాడు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్లింటి గోడ మీదుంది. పెళ్లిళ్లకీ చావులకీ వెళ్లి ఆ ఫొటో కిందే కూర్చుని టీ తాగి వస్తుంటాను. నేను మళ్లీ ఎప్పుడూ పరిగెత్తలేదు.

ఇవాళ తెల్లారగట్ల వెళ్లాను. ఎందుకు వెళ్లానో అడక్కండి. పాత ఇసుకలోనే నడిచాం. పావుగంట కాకుండానే వాడు వెనకపడ్డాడు. ఆగకూడదనుకున్నాను, ఒట్టు. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆయాసపడుతూ వచ్చి నా భుజం పట్టుకుని, "నువ్వాగుతావని నాకు తెలుసు బావా" అన్నాడు. అప్పుడూ తెలుసన్నమాట. ఇరవై ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి గానీ, ఆ ఎత్తు మీద నిలబడ్డ అరగంట మాత్రం నాకింకా గడవలేదు.