వాన పడే ఆట అమ్మిన చిన్నాయన

మా చిన్నాయన పోయిన సంగతి నాకు ఆయన ఫోను నుంచే తెలిసింది. పొద్దున అంగడి షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. తెర మీద ఆయన పేరే ఉంది. సరుకు కోసం తొలి బస్సుకు తుమకూరు బయల్దేరిన మనిషి, అక్కడికి చేరి చేస్తున్నాడనుకుని, సరుకు పెట్టె దొరికిందా చిన్నాయనా అని నేనే ముందు అడిగాను. అవతల కన్నడంలో ఎవరిదో కొత్త గొంతు. కండక్టరట. ఈయన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడనుకున్నారట. బస్టాండులో అందరూ దిగినా లేవలేదట. ఆ ఫోనులో ఆఖరున మాట్లాడిన నంబరు నాది కాబట్టి నాకు చేశాడు. మాట ఆగిపోయాక కూడా తెర మీద ఆయన పేరు కాసేపు వెలుగుతూనే ఉండింది.

ఆయన మా నాయనకు తమ్ముడు. కర్ణాటక అంచున పావగడలో కొండ కింద, బస్టాండుకు దగ్గర్లోనే ఆయన అంగడి. టీవీ రిమోట్లు, మొబైలు కవర్లు, డిష్షు వైర్లు, టీవీకి తగిలించి ఆడుకునే గేము డబ్బాలు అమ్మేవాడు. డిగ్రీ అయ్యాక నేనూ అక్కడే గల్లా దగ్గర కూర్చున్నాను. ఆయన గొప్పవాడని రాస్తే ముందు ఆయనే నవ్వుతాడు. ఇంత కాలం అమ్మిన వేల సామాన్లలో ఒక్క ఆట మాత్రం, అమ్మినాయన పోయాక కూడా ఆయన్ను పోనివ్వలేదు. దాన్ని కళ్ళారా చూశాను కాబట్టి మీకు చెబుతున్నాను.

ఆ ఆట మొదటి పెట్టె పంపినప్పుడు బెంగళూరు డీలరు ఇది ఇంటిల్లిపాదీ ఆడుకునేదని, కొట్టుకోవడాలూ కాల్చుకోవడాలూ ఉండవని చెప్పాడు. సేద్యం ఆట. తెర మీద ఒక చేను ఉంటుంది. ఇంట్లో వాళ్ళు తలా ఒక బొమ్మ మనిషిగా మారి దున్నాలి, విత్తాలి, కలుపు తీయాలి. కొత్త ఆటకు ఎర్లీ సేల్స్ చాలా ముఖ్యమని, మొదటి వారాల్లో ఎట్లా పోతుందో రోజూ చెప్పమని కూడా అన్నాడు. చిన్నాయన దాన్ని పెందలాడే అమ్మడమని అర్థం చేసుకున్నాడు. మర్నాటి నుంచి పాల వ్యాను కంటే ముందే పోయి షట్టరు ఎత్తడం మొదలుపెట్టాడు. నేను పడీ పడీ నవ్వి అసలు అర్థం చెప్పినా మానలేదు.

"తీస్తే తప్పేముండాది పాపా. ఎవురన్నా వస్తే మనం ఆడ ఉండాల కదా" అన్నాడు.

ఎవరూ రాలేదు. పావగడ పిల్లలు కార్ల పందేలు అడిగారు గానీ, కలుపు తీసే ఆట ఎవరికి కావాలి? పెద్ద ఊళ్ళలో కూడా అంతంత మాత్రంగానే ఉందని డీలరే ఫోనులో దిగులుపడేవాడు. కట్టు విప్పిన పెట్టె విప్పినట్టే ఉంది. చిన్నాయన మాత్రం అంగడి టీవీలో ఆ ఆట పెట్టించి, తనకేమీ అర్థం కాకపోయినా, రోజంతా దాన్ని నడవనిచ్చేవాడు.

అప్పుడు దగ్గర్లోని తిరుమణి పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. రిమోటు బటన్లు పని చేయడం లేదని వచ్చిన మనిషి, మా టీవీ ముందు నిలబడిపోయింది. వాళ్ళ భూమి సోలారు కరెంటు పార్కుకిచ్చి చాలా ఏళ్ళయింది. మనవళ్ళ కోసం కొన్న గేము డబ్బా ఇంట్లో దుమ్ము పట్టి పడి ఉందట. చాలాసేపు చూసి, చిన్నాయనను ఒక మాట అడిగింది.

"దీంట్లో వాన పడతాదాప్పా?"

చిన్నాయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"పడతాదవ్వా. పడాల్సిన టయానికి పడతాది" అన్నాడు.

అదే మా మొదటి అమ్మకం. ఆ తర్వాత తిరుమణి జనం ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆట పేరు ఎవరికీ నోరు తిరగలేదు. వాన పడే ఆట ఇయ్యప్పా అని అడిగేవాళ్ళు. పెట్టె ఖాళీ అయింది, ఇంకో పెట్టె తెప్పించాం. బెంగళూరులోనే కదలని సరుకు పావగడలో ఎవరు కొంటున్నారని డీలరు అనుమానంగా అడిగితే, సేద్యం తెలిసినవాళ్ళు కొంటున్నారు సార్ అని చెప్పి ఫోను పెట్టేశాడు మా చిన్నాయన. ఆ పూట ఆయన మీసాలు చూడాలి మీరు.

తిరుమణి వైపు వచ్చినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పటి శెనక్కాయ చేలన్నీ ఇప్పుడు చూపు ఆనినంత దూరం నల్ల సోలారు పలకలు. మధ్యాహ్నం పూట మనిషి అలికిడే ఉండదు. పలకలు పొద్దు వెంట తిరిగేటప్పుడు వరసలన్నీ ఒక్కసారి కిర్రుమంటాయి, మళ్ళీ నిశ్శబ్దం. ఆ పలకల పక్క ఇళ్ళలో తలుపులు దగ్గరికి వేసుకుని, జనం టీవీలో కలుపు తీసేవాళ్ళు. తెర మీది చేలకు పోయిన చేల పేర్లే పెట్టుకున్నారు. రాళ్ళచేను, బాయిచేను, గుట్టకిందిది. ఆ ఆటలో శెనక్కాయ లేదు. ఏదో విదేశపు దుంప ఉంటే, ఆకు కొంచెం అట్లా ఉందని దాన్నే శెనక్కాయ అనుకున్నారు. ఒకరోజు నేను అక్కడున్నప్పుడే, ఎవరింటి టీవీలోనో వాన మొదలైంది. ఆ చప్పుడుకు ఎదురింటామె పరుగున వచ్చి వాకిట్లో ఎండబోసిన మిరపకాయలు ఎత్తేసింది. చూసినవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. గంప పట్టుకుని, మబ్బు తునక లేని ఆకాశం కేసి చూస్తూ నిలబడింది. 

చిన్నాయనకు ఒక అలవాటు ఉండేది. ఆట కొన్న ప్రతి ఇంటికీ స్కూటరు మీద పోయి తనే పెట్టిచ్చి వచ్చేవాడు. నన్ను వెంట తీసుకుపోయేవాడు, మీటలు నొక్కేది నేనే. ఎందుకింత తిప్పలు అంటే, "అమ్మింది అమ్మకం కాదు పాపా. వాళ్ళు రెండోతూరి ఆడితే, అది అమ్మకం" అనేవాడు. ఈ రోజుకీ నేను ఏది అమ్మినా ఆ మాటే కొలత.

ఆట మొదలుపెట్టేటప్పుడు ముందుగా చేనికి ఒక కావలి మనిషిని పెట్టాలి. అతనికి ముఖం, బట్టలు మనమే ఇవ్వాలి. సెలవు తీసుకునే మాట ఒకటి ఎవరైనా రిమోటులోకి చెప్పాలి. ఆట కట్టేసేటప్పుడు ఆ మనిషి చెయ్యెత్తి, అదే గొంతుతో ఆ మాట చెప్పి, గట్టు మీద నడిచి వెళ్ళిపోతాడు. రిమోటుతో మాట్లాడటానికి తిరుమణిలో అందరికీ సిగ్గే. అందుకని చిన్నాయనే మాట్లాడేవాడు, బొమ్మకు తన మీసం, తన పచ్చ చొక్కా పెట్టించేవాడు. అవ్వ ఇంట్లో మొదటిసారి కదా, ఏమనాలో తోచక ఊరికే "పొయ్యొస్తా" అన్నాడు. ఆ తర్వాత ఇళ్ళలో వరస కలపడం నేర్చుకున్నాడు. ఒక ఇంట్లో పొయ్యొస్తాప్పా, ఒక ఇంట్లో పొయ్యొస్తా వదినా, ఇంకో ఇంట్లో పొయ్యొస్తా మామా. ఒకచోట ఆయన మాట వెనక మేక అరుపు కూడా పడింది. బయటికి వస్తూ ప్రతి ఇంట్లోనూ ఒక హెచ్చరిక చేసేవాడు. మీట నొక్కే కట్టేయండి, వైరు పీకితే పైరు పోతాది.

అంగడి టీవీలో ఉన్నది నా గొంతు. ఆయన సొంత ఇంట్లో ఆ ఆటే లేదు. రేపు తెస్తా, ఎల్లుండి తెస్తా అని చిన్నమ్మకు చెబుతూనే ఉండేవాడు.

ఆయన పోయిన పొద్దున నీళ్ళు వదిలే రోజు. చిన్నమ్మ బిందెలతో వీధి కొళాయి దగ్గర వరసలో ఉంది. బస్సుకు టైమైందని ఈయన తలుపు దగ్గరికి వేసి, కొళాయి వైపు రాకుండా సందులోంచి వెళ్ళిపోయాడు. చిన్నమ్మ పెద్దగా ఏడవలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరితో ఆమె అన్నది ఒకటే.

"పొయ్యొస్తా అనకుండా పోయినాడు."

మనలో చావింటి నుంచి లేచేటప్పుడు ఆ మాట ఎవరూ అనరు కదా. వచ్చినవాళ్ళంతా చప్పుడు లేకుండా లేచి, తల వంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె ఒక్కొక్కరి వీపూ చూస్తూ కూర్చునేది. ఆమె ఏ మాట కోసం చెవులు రిక్కించి ఉందో ఆ మాట ఆ ఇంట్లో పుట్టే వీలే లేదు. 

అదే మాట తిరుమణిలో ఇంటింటా వినబడుతోంది.

మొదటి సాయంత్రం వాళ్ళకు తట్టలేదట. రోజూలాగే ఆట కట్టేశారు. పచ్చ చొక్కా మనిషి చెయ్యెత్తి, పొయ్యొస్తాప్పా అన్నాడు. పోయినవాడు మళ్ళీ వస్తానంటే ఎవరికి గుండె జారదు? మర్నాడు పైరు కోసం ఆట పెట్టారు గానీ, కట్టేసే మీట ఎవరూ నొక్కలేదు. వైరు పీకుదామంటే పైరు పోతుంది. అందుకని కట్టేయడమే మానేశారు. దినాలు ముగిశాక నాకు కబురు పెట్టారు, ఎట్లాగైనా ఆ గొంతు తీసేయమని.

నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. ఏ తలుపు ముందు నుంచి నడిచినా లోపల ఆ ఆట పాటే, సన్నగా, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ కొంచెం తేడాతో. ఎవరూ ఆడటం లేదు. ఆడేవాళ్ళు లేనప్పుడు కావలి మనిషి గట్టు మీద కూర్చుంటాడు. తలుపు సందుల్లోంచి చూస్తే ఇంటింటికీ ఒక చిన్నాయన, పచ్చ చొక్కాతో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. ఒక ఇంట్లో ఆయన ఎండలో ఉన్నాడు, పక్కింట్లో వానలో తడుస్తున్నాడు. నేను వెనక్కి పారిపోదామనుకున్నాను. కాళ్ళు ముందుకే పడ్డాయి, ఆయన్ను మళ్ళీ చూడాలని నాకూ ఉంది.

ఇంటింటా కూర్చుని పని చేశాను. పాత మాట తీసి, ఇంట్లోవాళ్ళ చేత కొత్త మాట చెప్పించాను. భయానికి సిగ్గు పోయింది, అందరూ గట్టిగానే పలికారు. ఆఖరున అవ్వ ఇల్లు. అక్కడ అవ్వ అడ్డుపడింది. ఆయన పెళ్ళాం ఒక్కసారి వినకుండా ఆ మాట తీయనివ్వనంది. అవ్వ కొడుకు ఒప్పుకోలేదు. అతని కూతురు పావగడ ఆసుపత్రిలో బిడ్డను కనింది, మర్నాడు పసిగుడ్డుతో ఇంటికి వస్తోంది. చచ్చినవాడి పిలుపు ఉన్న ఇంట్లోకి బిడ్డనెట్లా తెచ్చేదని అతని బాధ. అదీ నిజమే. చిన్నమ్మ చూస్తే మొగుడు పోయి మూడు నెలలు నిండేదాకా ఒకరి గడప తొక్కకూడదు. ఆ మాటను చావింటికి తీసుకుపోనూ కూడదు. తక్కిన ఇళ్ళలో మాటలన్నీ ఎవరినో ఒకరిని పిలిచినవి, అవీ పోయాయి. ఎవరి పేరూ వరసా లేని మాట అదొక్కటే మిగిలింది, మొదట అమ్మిన ఆటలోది. అది కూడా పోతే చిన్నమ్మకు ఇంక ఎప్పటికీ లేదు.

"గడప తొక్కకూడదు గానీ, వీధి తొక్కకూడదని యాడుండాది?" అంది అవ్వ.

 కొడుకు లేచి, తనే టీవీని బల్లతో సహా వాకిలి వైపు తిప్పాడు.

నేను ఆటోలో పోయి చిన్నమ్మకు చెప్పాను.  ఆమె కొంగు తల మీదికి లాక్కుని వచ్చి ఆటోలో కూర్చుంది. దారి పొడవునా రెండు పక్కలా పలకలు, వాటి మీద తెల్లటి ఎండ. ఆమె ఒక్కసారి కూడా అటు చూడలేదు.

చిన్నమ్మ అవ్వ ఇంటి ముందు, గడపకు ఇవతల, వీధిలోనే నిలబడింది. లోపల తెర మీద చేనంతా పచ్చగా ఉంది. ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు.  నేను మీట నొక్కాను.

ఆయన లేచాడు. చెయ్యెత్తాడు.

"పొయ్యొస్తా."

ఆ గొంతు వీధిలోకి వచ్చింది. వరస లేని మాట కదా, వాకిట్లో నిలబడిన మనిషితోనే అన్నట్టుంది. ఇన్నేళ్ళూ ఆ మాటకు ఆమె ఇచ్చే బదులు నాకు తెలుసు, పొయ్యిరా అని.  చిన్నమ్మ అనలేదు. తెర మీద ఆయన కూడా కదల్లేదు. ఎప్పుడూ మాట అయిపోగానే నడిచేవాడు, ఆ రోజు చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. రోజుల తరబడి కట్టేయక డబ్బా వేడెక్కి ఆగిందని నాకు తెలుసు. అట్లాంటి డబ్బాలు చాలా చూశాను. అయినా రెండోసారి మీట నొక్కలేదు.

"పో" అంది చిన్నమ్మ. అంత మెత్తగా ఆమె ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు.

ఆయన చెయ్యి దించాడు. తిరిగి గట్టు మీద నడిచాడు. చేను దాటాడు, తెర అంచు దాటాడు. తెర నల్లబడింది.

ఆ నల్లటి అద్దంలో వాకిలి కనబడింది. వాకిట్లో చిన్నమ్మ, ఆమె వెనక పలకల వరసలు. వరసలన్నీ ఒక్కసారి కిర్రుమని పడమటికి తిరిగాయి. ఆమె మాత్రం ఆయన పోయిన వైపే చూస్తూ నిలబడి ఉంది.