రెండో స్లైడు

ఫిల్మ్‌నగర్‌లో నేను పనిచేసిన ఆ చిన్న ఆసుపత్రి ఇప్పుడు లేదు. దాని చోట బట్టల షోరూం వెలిసింది. అటు వెళ్లినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

నేనక్కడ ల్యాబ్ టెక్నీషియన్ని. మలేరియాకు ఇచ్చే రెండు మందుల జోడీల్లో ఏది రక్తంలోని క్రిముల్ని తొందరగా ఖాళీ చేస్తుందో పోల్చి చూస్తున్న రోజులవి. ఎవరికి ఏ జోడీ ఇచ్చారో నాకు చెప్పేవారు కాదు. ఎనిమిది గంటలకోసారి వేలు గుచ్చి, నెత్తురు చుక్కను గాజు స్లైడు మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో క్రిముల్ని లెక్కపెట్టడమే నా పని. వరసగా రెండు స్లైడ్లు ఖాళీగా వస్తేనే డాక్టరుగారు ఇంటికి పంపేవారు.

ఆమె యూసుఫ్‌గూడలో ఉండే జూనియర్ ఆర్టిస్టు. అడవిలో షూటింగుకు వెళ్లి జ్వరం తెచ్చుకుంది. పదిహేనేళ్లు గుంపులో నిలబడ్డాక మొదటిసారి ఒక డైలాగు దొరికింది. శుక్రవారం పొద్దున, జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగు. పనిమనిషి వేషం. గేటు తీసి "అయ్యగారు ఇంట్లో లేరండీ" అనాలి, అంతే.

"సారు ఇంట్ల లేడు అంటే ఏమైతది మేడం? గేటు తీసేటోళ్లు గట్లనే అంటరు గద," అనేది.

నాది గుంటూరు వైపు. సూది గుచ్చిన ప్రతిసారీ ఆ 'లేరండీ'ని నాతో సరిచేయించుకునేది. నేనూ పంతులమ్మలా బిగుసుకుని నేర్పాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె అన్నదే నిజం.

రెండో రోజుకే జ్వరం పోయింది. గురువారం పొద్దున స్లైడు ఖాళీ. సాయంత్రపుది కూడా ఖాళీయేనని రాయడానికి పెన్ను తీశాను. చివరి వరసలో చిన్న ఉంగరంలా ఒకే ఒక్క క్రిమి కనిపించింది. దుమ్మేమోనని నాకు నేను చాలాసేపు నచ్చజెప్పుకున్నాను. దుమ్ము కాదు. వెళ్లి ఆమెకు చెప్పాను.

"ఒక్కటే గద మేడం. లేదని రాస్తే ఏం పోతది?" అంది.

ఉందనే రాశాను. దాన్ని దాచితే ఏ మందు ఎంత తొందరగా పనిచేసిందన్న లెక్కే అబద్ధమైపోతుంది. పైగా అది మళ్లీ పెరిగితే మంచం పట్టేది ఆమే. వద్దనుకుంటే వెళ్లిపోవచ్చు, ఎవరూ కట్టేయరు. డాక్టరుగారు పక్కన కూర్చుని చెప్పాక ఉండిపోయింది. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వేషం ఇంకెవరికో వెళ్లింది.

నాలుగు వారాలకు ఆఖరి పరీక్షకు వచ్చింది. వస్తుందనుకోలేదు. వేలు చాపింది. లోపలికెళ్లి స్లైడంతా ఒకటికి రెండుసార్లు వెతికాను. ఒక్క క్రిమీ లేదు. బయటికొచ్చి ఆమె ముందు నిలబడ్డాను.

"అయ్యగారు ఇంట్లో లేరండీ," అన్నాను.

ఆమె వేలికి ఒత్తుకున్న దూది పక్కన పడేసింది.

"గట్ల గొణిగితే ఎట్ల మేడం," అంది. "జర గట్టిగ అనుండ్రి. కెమెరా గాడ ఉంటది."