బంతి లేని వైపు

నా చిన్నప్పుడు, జొన్నకంకి పాలు పట్టే వేళకు మా ఊళ్లో ఒక కట్టుబాటు అమల్లోకి వచ్చేది. ఏ చేనులోనైనా రేకు డబ్బా మోగిందంటే అడవిపందులు దిగాయని అర్థం. విన్నవాడు అది ఎవరి చేనని అడగకుండా మోత వైపు పరుగెత్తాలి. కదలకుండా నిలబడ్డవాడి చేనుకు ఆపద వస్తే ఎవరూ కదిలేవారు కాదు. బోథ్‌కు కొంత దూరంలో, అడవి అంచున ఉన్న ఊరు మాది. నడక తర్వాత మేము నేర్చిన మొదటి క్రమశిక్షణ అదే. బడిలో ఫుట్‌బాల్ ఆడేటప్పుడూ మేము దాన్నే పాటిస్తున్నామని నాకు అప్పట్లో తెలియదు.

బంతి ఎటు పోతే అందరమూ అటే పోయేవాళ్లం. గోల్‌కీపర్ ఒక్కడే మిగిలేవాడు, వాడూ అయిష్టంగానే. ఆ ఏడు పట్నం బడి జట్టు వచ్చి మమ్మల్ని మా మైదానంలోనే చిత్తుగా ఓడించింది. ఓటమి కంటే, పోతూ పోతూ వాళ్ల కెప్టెన్ అన్న మాట నన్ను ఎక్కువ కాల్చింది: "వీళ్లు ఆట ఆడ్తలేర్రా, పందుల్ని ఎల్లగొడ్తుండ్రు!" మా హెడ్మాస్టరు గారి తీర్పు అంతకంటే కఠినంగా ఉంది. చలికాలం పోటీల్లో అదే జట్టు చేతిలో మళ్లీ ఓడితే బంతి బీరువాలోకి పోతుందని, ఇక మా బడికి జట్టే ఉండదని ప్రకటించారు.

మా కాక, అంటే మేము బాపు అని పిలిచే నాన్నకు తమ్ముడు, అప్పుడే మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడి క్యాంపులో శుక్రవారాలు ఫుట్‌బాల్ ఆడి మోకాలు చెడగొట్టుకున్న మనిషి. నా గోడు విని ఆయన జాలిపడలేదు. పోటీల రోజు పొద్దున పట్నం జట్టు వేరే బడితో ఆడుతుండగా, మైదానం పక్కన ఆగి ఉన్న పత్తి లారీ మీదికి నన్ను ఎక్కించి, కుంటుతూనే తానూ ఎక్కి కూర్చున్నాడు. మా ఆట మధ్యాహ్నం ఉంది.

"బంతిని చూసినవో, కిందికి దించుత," అన్నాడు.

కళ్లు మాట వినలేదు. కాసేపటికి ఆయన హఠాత్తుగా నా ముఖానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వాళ్ల ఎడమ బ్యాకు ఏడున్నడు?"

"తెల్వదు కాకా."

"బంతి ఎవని కాడున్నది?"

"పొడుగోని కాడ!"

"డబ్బా మోత మాత్రం మంచిగ ఇనవడ్తది నీకు," అన్నాడు.

సిగ్గుతో నేను బంతిని విడిచి మనుషులను చూడడం మొదలుపెట్టాను. పైనుంచి ఆట వేరే ఆటలా ఉంది. వెనుక నలుగురు, నడుమ ముగ్గురు, ముందు ముగ్గురు. వాళ్ల బలమంతా కుడి పక్కన ఉంది. బంతి అక్కడ ఉంటే వెనుక వరుస ఒకే తాడుకు కట్టినట్టు అటు జరిగేది, ఎడమ బ్యాకు మైదానం నడుమకు వచ్చేవాడు. నడుమ వరుసలో ఎడమవైపు ఆడేది కెప్టెన్. అతను ముందుకు పోతే వెనక్కి రావడం తన పని కాదన్నట్టు ఉండేవాడు. ఈ రెండూ విడివిడిగా పెద్ద లోపాలు కావు. ఒకే క్షణంలో రెండూ జరిగితే మాత్రం, ఎడమ అంచు గీత పొడవునా ఖాళీ.

నేను ఇదంతా చెప్పాక కాక మొదటిసారి నవ్వాడు. "పోయిన వారం మన చేను ఎట్ల పోయింది? అందరం తూర్పుకు ఉరికితిమి, మంద పడమర దిగె. పందుల్ని ఎల్లగొడ్తుండ్రన్నడు గద వాడు? ఇయ్యాల మీరే పందులైపోండ్రి."

ఉపాయం అంతే. మావాళ్లు ఎప్పటిలాగే మా ఎడమ పక్కన కేకలు వేస్తూ మూగాలి. బంతి చిక్కినవాడు దాన్ని మైదానానికి అడ్డంగా, కుడి అంచుకు కొట్టాలి. అక్కడ ఒక్కడు కదలకుండా ఉండాలి. ఆ ఒక్కడు నేనే.

మొదటి సగంలో మా మీద ఒక గోల్ పడింది. నా దగ్గరికి బంతి ఒక్కసారీ రాలేదు. ఊరి నుంచి వచ్చినవాళ్లు గీత వెంట నిలబడి నన్నే తిట్టసాగారు. "బస్సు కోసం నిలవడ్డవా బిడ్డా?" అని ఒకరు. "లేపుండ్రి, నిద్రవోయిండు!" అని ఇంకొకరు. చివరికి, ఎన్నడూ గొంతెత్తని మా బాపు అరిచాడు: "ఉరుకురా! ఇజ్జత్ తీస్తున్నవ్!"

నా పాదాలు కదిలాయి. అప్పుడు కాక వైపు చూశాను. ఆయన ఆటను చూడడం లేదు, నన్నూ చూడడం లేదు. నా ముందున్న ఖాళీ గడ్డిని చూస్తున్నాడు. నేను వెనక్కి వచ్చి నా చోటున నిలబడ్డాను. బాపు మాట కాదనడం నా జీవితంలో అదే మొదలు.

రెండో సగంలో కెప్టెన్ నవ్వుతూ తానూ ఆ గుంపులో దూరాడు. అతని వెనుక వరుస మొత్తం అటు జరిగింది. అప్పుడు మా చాకలివాళ్ల పిల్లగాడు, రాయిని తన్నినా ఎగిరేంత బలం కాలిలో ఉన్నవాడు, బంతిని అడ్డంగా కొట్టాడు. అది అందరి తలల మీదుగా వచ్చి నా ముందు పడింది. ఎదురు వచ్చిన గోల్‌కీపర్ పక్క నుంచి నేలబారుగా తన్నాను, గోల్ అయింది. ఆ తర్వాత వాళ్లు నాకొక మనిషిని కాపలా పెట్టారు. వాళ్ల దాడిలో ఒకడు తగ్గాడు, ఆట సమంగా ముగిసింది.

హెడ్మాస్టరు గారు బంతి కోసం చెయ్యి చాపారు. "గెలవలేదు కదా," అన్నారు.

నేను బంతిని చంకలోంచి తీయలేదు. "ఓడలే సార్. ఓడితేనే అన్నరు మీరు."

ఆయన చెయ్యి కొంతసేపు అలాగే ఉండి, కిందికి దిగింది. బంతి మాతోనే ఊరికి వచ్చింది. బాపు దారి పొడవునా నా వైపు తిరగకుండానే వచ్చాడు. కానీ ఆ వారంలోనే తూర్పున డబ్బా మోగి ఊరంతా అటు పరుగెత్తినప్పుడు, మా చేను పడమర మూలన ఒక మనిషి కట్టె పట్టుకొని మెదలకుండా కూర్చున్నాడు. అది మా బాపు.

తరువాత నేను వంతెనల ఇంజనీరునయ్యాను. పగులు కనిపించిన చోట అధికారులందరూ మూగితే, నేను అవతలి చివరకు నడిచి, ఎవరూ చూడని ఆనికను, అంటే వంతెన బరువు ఆనే చోటును, చూసేవాణ్ని. పొగరన్నారు, పని ఎగ్గొడుతున్నానన్నారు. అననీ. రిటైరై ఇన్నేళ్లయినా, అందరూ ఒకే వైపు పరుగెత్తుతున్నారని వింటే నా పాదాలు ఇప్పటికీ కొద్దిగా కదులుతాయి. వాటిని కదలనిచ్చి, మళ్లీ వెనక్కి తెచ్చుకొని, నా గీత పక్కన నిలబడతాను.