కాలువ రాకముందే ఉతికిన దుప్పట్లు

తొంభైల చివర్లో పెడనలో సొంతంగా కలంకారీ అద్దకం మొదలుపెట్టాను. మొదటి ఆర్డరు ఒక బట్టల షాపాయన ఇచ్చాడు, నలభై దుప్పట్లు. అద్దిన బట్టని పారే నీళ్ళలో జాడించాలి. ఎండాకాలమని కాలువకి నీళ్ళు కట్టేశారు.

"కాలువ వదిలేదాకా ఆగమ్మా. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, రంగు నిలవదు" అన్నారు మా అద్దకం మేస్త్రి బాబాయి.

"నీళ్ళు నీళ్ళే కదా బాబాయ్" అని బోరు దగ్గరే జాడించేశాను. దుప్పట్లు ఆరేసరికి ఎరుపంతా వెలిసిపోయింది. షాపాయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాలువ ఎప్పుడు వదులుతారని అడిగాడాయన.

"సరే, కాలువ వచ్చాకే పంపమ్మా" అన్నాడు చివరికి.

నీళ్ళొదిలిన రోజు బాబాయి మోకాలి లోతు కాలువలో దిగి, కొత్తగా అద్దిన దుప్పటి అంచు జాడించమని నా చేతికిచ్చారు.

వెలిసిన దుప్పటి ఒకటి ఇప్పటికీ మా షెడ్డులో వేలాడుతోంది. "ఎల్లుండికల్లా కావాలండీ" అనేవాళ్ళకి ముందు దాన్నే చూపిస్తాను.